ఒక్కరికే చెప్పాను

ఆ పాపకి ఎనిమిదేళ్ళప్పుడు, కోర్టులో ఆమె మాటలని హిందీలో చెప్పింది నేనే. అందుకే ఇదంతా నాకు తెలుసు. తెలిసినవాళ్ళు చాలా తక్కువమంది. వాళ్ళలో నోరు జారింది నేనొక్కదాన్నే.

నేను పుట్టిందీ పెరిగిందీ జంషెడ్‌పూర్‌లోనే. మా నాన్న పలాస వైపు నుంచి కార్ఖానా పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ముప్పై ఏళ్ళు తెలుగు మీడియం సెక్షన్‌లో పాఠాలు చెప్పాను. పిల్లలు ఏడాదికేడాది తగ్గిపోయి, చివరికి ఆ సెక్షనే మూసేశారు. మా ఆయన ఇక్కడి టాటానగర్ స్టేషన్ లోకో షెడ్‌లో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. స్టేషన్ పక్కన బాగ్‌బేరా పేటలో మాకొక చిన్న ఇల్లుంది.

ఒకరోజు ఒక లాయరమ్మ ఫోన్ చేసింది. ఒక కేసులో పాపకి తెలుగు తప్ప ఇంకేమీ రాదట. ఆ తెలుగు కూడా శ్రీకాకుళం పల్లెల తెలుగు. హిందీ, తెలుగు రెండూ బాగా వచ్చిన ఆడమనిషి కావాలట. ఎవరో నా పేరు చెప్పారు. నేను సరేనన్నాను. ఒప్పుకునేటప్పుడు అదేదో ఆస్తి తగాదాలో సాక్ష్యం అనుకున్నాను.

పాప తండ్రి అంతకు రెండేళ్ళ ముందు కామెర్లతో పోయాడు. తల్లి ఒక హాస్టల్ వంటశాలలో పనిచేసేది. పాప సోంపేట దగ్గర అమ్మమ్మ ఇంట్లో పెరిగింది. ఆ అమ్మమ్మ కూడా పోయాక తల్లి బాగ్‌బేరాలో తానుండే అద్దె ఇంటికి తెచ్చుకుంది. ముందు గదిలో మరిది ఉండేవాడు, అంటే పాపకి బాబాయి. గమ్హరియాలో ఒక వర్క్‌షాపులో లేత్ మిషను మీద పని. తల్లి డ్యూటీకి వెళ్తే ఇంట్లో పెద్దమనిషి అతనే. జరిగినదేమిటో ఇక్కడ రాయను. తల్లికి తెలిసిన మర్నాడే, ఎవరినీ సలహా అడక్కుండా, పాప చెయ్యి పట్టుకుని ఠాణాకి నడిచి వెళ్ళింది. అత్తవారు ఊరి నుంచి వచ్చి కాళ్ళు పట్టుకున్నారు, తర్వాత శాపనార్థాలు పెట్టారు. ఆమె కేసు వెనక్కి తీసుకోలేదు.

కోర్టు సాక్చీలో. ఆ రోజు జడ్జి పై కుర్చీలో కూర్చోలేదు. కిందికి దిగి, ఒక మామూలు బల్ల దగ్గర పాప పక్కన కూర్చున్నారు. పాపకి తెల్ల కాగితాలు, రంగు పెన్సిళ్ళు ఇచ్చారు. బాబాయి కనబడకుండా అడ్డంగా తెర కట్టారు. లాయరు అడగదలుచుకున్నది జడ్జికి చెప్పాలి, జడ్జి హిందీలో నాకు చెప్పాలి, నేను తెలుగులో పాపకి చెప్పాలి. జవాబు మళ్ళీ అదే దారిలో వెనక్కి వెళ్ళాలి. ఒకసారి పాప, "నాకు బెంగొచ్చేసినాది" అంది. బెంగకి హిందీలో ఏం చెప్పాలో నాకు తోచలేదు. జడ్జి నా వైపే చూస్తున్నారు. "భయమా, దుఃఖమా?" అని లాయరు అడిగాడు. నేను భయం అనే చెప్పాను. అది సరైన మాట కాదని అప్పుడే తెలుసు.

బయటికి వచ్చే ముందు నాచేత ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. ఇక్కడ విన్నది ఇక్కడే వదిలేయాలి. పాప పేరు, ఊరు, బడి, ఇంటివాళ్ళ వివరాలు, ఆమె ఎవరో పోల్చుకునేలా ఏ ముక్కా బయటికి రాకూడదు. కేసు కాగితాల్లో కూడా ఎక్కడా ఆమె పేరు లేదు. బాధితురాలు అని ఉంది, అంతే.

అతనికి శిక్ష పడింది. బాగ్‌బేరాలో వీధివాళ్ళకి తల్లి వేరే మాట చెప్పింది. ఫ్యాక్టరీలో కొట్లాట జరిగిందనీ, మరిది ఎవడి తలో పగలగొట్టి జైలుకెళ్ళాడనీ. అందరూ నమ్మారు. అటువంటి కొట్లాటలు మా వైపు కొత్త కాదు.

ఆ తర్వాత పాప ఆదివారాలు మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. తెలుగు చదవడం, రాయడం మర్చిపోకూడదని తల్లి పంపేది. ఏడాది తిరిగేసరికి హిందీ గడగడా వచ్చేసింది. తర్వాత నేను తెలుగులో అడిగితే హిందీలోనే జవాబు చెప్పేది. నా దగ్గర కన్నా మా ఆయన దగ్గరే ఎక్కువ కూర్చునేది. ఆయన షెడ్డు రోజుల నాటి ఇంజన్ల పుస్తకం ఒకటి ఉంది, బొమ్మలతో. అది ముందేసుకుని, బ్రేకు ఎలా పడుతుంది, కరెంటు పై తీగ నుంచి లోపలికి ఎలా వస్తుంది అని ఇద్దరూ మాట్లాడుకునేవారు. "నేను లోకో పైలట్ అవుతాను తాతగారూ" అనేది హిందీలో. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి నా భుజం దాటి ఎదిగింది. బడి కవాతులో ముందు వరసలో నడిచేది. ఒక్కోసారి ఆమెని చూస్తూ, కోర్టులో రంగు పెన్సిలు పట్టుకున్న పిల్ల ఈమే అన్న సంగతి నిజంగానే మర్చిపోయేదాన్ని.

ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా, బిర్సానగర్‌లో ఉండే నా పాత విద్యార్థిని వాళ్ళ చిన్నపిల్ల పుట్టినరోజుకి పిలిచింది. ఆ అమ్మాయి నా దగ్గర అయిదేళ్ళు చదువుకుంది. ఇద్దరు ఆడపిల్లలు, ఒకదానికి ఆరేళ్ళు, రెండోదానికి నాలుగు నిండుతున్నాయి. కొత్తగా మేడ మీద గది వేయించి అద్దెకిచ్చారు.

"మనోడే టీచర్‌గారూ, మన సైడు అబ్బాయే," అంది పాయసం గిన్నె నా చేతికిస్తూ. "నెమ్మదస్తుడు. నోట్లో మాట బయటికి రాదు. పిల్లలకి ఏదో ఒకటి తెత్తా ఉంటాడు."

హాల్లో ఒకతను నిలబడి బెలూన్లు ఊదుతున్నాడు. చిన్నది అతని చొక్కా లాగుతూ ఎర్రది కావాలని గోల చేస్తోంది. అతను నవ్వుతూ ఇటు తిరిగాడు. నన్ను చూశాడు. చేతిలో బెలూను ముడి వేయడం మర్చిపోయాడు, గాలంతా పోయింది. కోర్టులో తెర ఉన్నది పాపకే. నేను కూర్చున్న చోటు నుంచి అతను కనబడేవాడు, అతనికి నేను కనబడేదాన్ని.

"ఏటి టీచర్‌గారూ, అలా అయిపోనారు? బీపీ ఏటి?" అంది నా విద్యార్థిని.

వేడి చేసిందని చెప్పి, కేకు కోయకముందే బయలుదేరాను.

ఆటోల దగ్గర నిలబడి ఉంటే వెనక నుంచి వచ్చాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. జుట్టు సగం తెల్లబడింది.

"మేడమ్‌గారూ, ఒక్క మాట."

నేను ఆటో కోసమే చూస్తున్నట్టు నిలబడ్డాను.

"ఈలకి సెప్పకండి. మీ కాల్లట్టుకుంతాను. జైలంతా అయిపోనాది. వచ్చిన కాడ్నించి మా వదినోల వీది వైపు ఎల్లనేదు. పనికెల్తన్నాను, గదికి వత్తన్నాను, అంతే."

"పిల్లలున్న ఇల్లే ఎందుకు తీసుకున్నావు?" అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. "పిల్లల్నేని ఇల్లు ఎక్కడుంటాదండీ?"

ఆటో వచ్చింది, ఎక్కేశాను.

ఇంటికి వచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయనకి కేసు సంగతి వివరంగా తెలియదు. సంతకం పెట్టి వచ్చాను గనుక నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆయన ఎప్పుడూ అడగలేదు. లేచి వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చారు. తర్వాత, "అప్పుడు కేసు సూసిన ఇన్‌స్పెక్టరమ్మ ఉంది కదా, ఆవిడ కాడికెల్లు. నీ అంతట నువ్వేటీ సెయ్యకు," అన్నారు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఆవిడ వేరే ఠాణాకి మారింది, అయినా నన్ను గుర్తుపట్టి టీ తెప్పించింది. మాట్లాడినదంతా హిందీలోనే. నేను చెప్పింది విని కంప్యూటరు తెరిచింది. తెర నాకు కనబడకుండా కొంచెం పక్కకి తిప్పుకుంది.

"దేశం మొత్తానికి ఒక జాబితా ఉంది ఆంటీ," అంది. "ఇటువంటి కేసుల్లో శిక్షపడ్డవాళ్ళ పేరు, ఫోటో, వేలిముద్ర, చిరునామా అన్నీ ఉంటాయి. కానీ అది పోలీసుల కోసమే. మీరు చూడకూడదు, నేను చూపించకూడదు."

"అందులో ఇతనికి ఏమని రాశారు?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అది మీకు చెప్పకూడదు. మామూలుగా ఎలా చూస్తామో చెప్తాను. ప్రమాదం తక్కువా, మధ్యరకమా, ఎక్కువా అని. మళ్ళీ మళ్ళీ చేసినవాళ్ళు, ముఠాగా చేసినవాళ్ళు ఎక్కువలో ఉంటారు. మొదటిసారి చేసి, తర్వాత ఏ కేసూ లేనివాడు ఎక్కడుంటాడో మీరే అనుకోండి."

"తక్కువా?" అన్నాను. "ఆ పాప చెప్పినదంతా నా నోటితో చెప్పాను. తక్కువ అంటే ఎవరికి తక్కువ?"

ఆవిడకి కోపం రాలేదు. "చేసింది ఎంత పెద్దదన్నదానికి శిక్ష వేరే ఉంది ఆంటీ. అది అయిపోయింది. ఈ లెక్క మళ్ళీ చేస్తాడా అన్నదాని గురించి. అది కూడా మేం జ్యోతిషం చెప్పం. అంచనా, అంతే."

కొన్ని దేశాల్లో ఇటువంటివాళ్ళ ఫోటోలు అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెడతారని ఎక్కడో చదివాను. అదే అడిగాను.

"పెడతారట. ఇక్కడ పెట్టరు. పెడితే బాగుండునని నాకూ అప్పుడప్పుడు అనిపిస్తుంది," అంది. "కానీ నేను చూసిన కేసుల్లో వాడు చాలాసార్లు ఇంట్లోవాడే. బాబాయి, మావయ్య, పక్కింటివాడు. వాడి మొహం గోడకి అతికిస్తే, పక్కనే ఆ పాప మొహం కూడా అతికించినట్టే. వాడు ఎవరింట్లో ఉండేవాడో జనానికి తెలుసు కదా?"

ఆవిడ కంప్యూటరు మూసేసింది.

"నాకు పదిహేను రోజులు టైమివ్వండి. మా కానిస్టేబుల్ ఒకణ్ణి పంపి, ఆ ఇంట్లోంచి వేరే చోటికి మారమని నెమ్మదిగా చెప్పిస్తాను. అతను ఎక్కడున్నదీ మాకు తెలిసి ఉండటమే మంచిది. మీరు మాత్రం ఎవరితోనూ అనకండి. ఆ ఇంటావిడతో కూడా."

అనను అని చెప్పి వచ్చాను.

పదకొండో రోజు దాకా ఆగాను. మధ్యలో రెండుసార్లు ఇన్‌స్పెక్టరమ్మకి ఫోన్ చేశాను. పండగ ఊరేగింపు బందోబస్తులో ఉన్నాం, అయిపోగానే చూస్తాను అంది. పదకొండో రోజు పొద్దున్న పది గంటలకి నా విద్యార్థిని ఫోన్ చేసింది. ఏదో కూర పొడి కొలతలు అడగడానికి. మాటల్లో అంది: "మేమిద్దరం ఘాట్‌శిలా పెళ్ళికెల్తన్నాం టీచర్. సాయంత్రానికి వచ్చేత్తాం. ఎండలో పిల్లలెందుకని ఒగ్గేసి ఎల్తన్నాం. మేడ మీద అబ్బాయికి ఈరోజు వీక్లీ ఆఫ్. సూత్తానన్నాడు."

"వద్దు," అన్నాను.

"ఏటి వద్దు?"

"పిల్లల్ని అతని దగ్గర వదలకు. కారణం అడక్కు."

కారణం అడక్కుండా ఏ తల్లి ఊరుకుంటుంది? నన్ను అడిగింది. మళ్ళీ అడిగింది. ఏడుపు గొంతుతో అడిగింది. "చిన్నపిల్లల విషయంలో జైలుకెళ్ళి వచ్చాడు," అన్నాను. అంతే అన్నాను. ఏ ఊరో, ఏ ఇల్లో, ఏ పాపో చెప్పలేదు. ఎవరికీ చెప్పనని తన ఇద్దరు పిల్లల మీద ఒట్టు వేయించుకున్నాను.

పిల్లల్ని తీసుకొచ్చి నా దగ్గర దింపేసి వెళ్ళు, సాయంత్రం దాకా నేను చూసుకుంటాను అని ఉంటే సరిపోయేది. బిర్సానగర్ నుంచి బాగ్‌బేరా ఎంత దూరం? ఆ మాట నాకు మధ్యాహ్నం అన్నం వడ్డిస్తుండగా తట్టింది. గరిటె అక్కడే పెట్టేసి కూర్చుండిపోయాను. మా ఆయన ఏమైందన్నారు. చెప్పాను. ఆయన కంచం పక్కకి జరిపి లేచిపోయారు.

ఆ అమ్మాయి ఒట్టు నిలబెట్టుకుందనే ఇప్పటికీ అనుకుంటాను. ఒక్క భర్తకే చెప్పింది. భర్తకి చెప్పకుండా ఎలా ఉంటుంది? అద్దెకిచ్చేటప్పుడు తీసుకున్న ఆధార్ కాగితం అతని దగ్గర ఉంది. దాంట్లోని ఫోటో, పేరు కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. కింద హిందీలో, జాగ్రత్త, ఇటువంటివాడికి ఎవరూ ఇల్లు ఇవ్వకండి అని. పెట్టేముందు పది మందిని వెంటేసుకుని మేడెక్కాడు. అతని సామాను వీధిలో పారేశారు. అతన్ని కొట్టారు కూడా. పెదవి చిట్లి, ఒక చెప్పుతో ఆటో ఎక్కాడని తర్వాత విన్నాను.

ఆ సందేశం రెండో రోజుకి బాగ్‌బేరా చేరింది. మా వీధి గ్రూపులో కూడా వచ్చింది. చాలామంది దండం బొమ్మలు పెట్టారు. మధ్యలో ఒకావిడ రాసింది: "అరే, వీడు మన దగ్గరే ఉండేవాడు కదా, వదిన ఇంట్లో. ఫ్యాక్టరీ కొట్లాట అన్నారే?"

ఆ ఇంట్లో ఆడపిల్ల ఒక్కతే. ఆ పైన ఎవరూ ఏమీ రాయక్కర్లేకపోయింది.

బడిలో ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. బెంచీలో పక్కనుండే పిల్ల వెనక్కి మారింది. ఒక టీచరు పిలిచి, ఏమీ లేకుండానే తల నిమిరిందట. అన్నం తినే టైములో ప్రాణ స్నేహితురాలే దగ్గరికొచ్చి మెల్లగా అడిగిందట, "వో లడ్కీ తూ హీ హై క్యా?" ఆ పిల్ల నువ్వేనా అని. ఈమె జవాబు చెప్పకుండా డబ్బా మూసేసి, సంచి తగిలించుకుని, ఇంటికి నడిచి వచ్చేసింది. ఆ ఆదివారం మా ఇంటికి రాలేదు.

మంగళవారం తల్లి వచ్చింది. గేటు తీశాను. లోపలికి రాలేదు. హాస్టల్ వంటశాల నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీరకి పిండి అంటుకుని ఉంది.

"బిర్సానగర్‌లో ఎవులో తెలుగు టీచరమ్మ సెప్పిందంతన్నారు. మీరే కదా మేడమ్‌గారూ?"

"నేను పాప గురించి ఒక్క ముక్క కూడా..."

"మీరే సెప్పినారా, నేదా?"

"చెప్పాను," అన్నాను. "ఆ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారమ్మా. ఆరోజు వాళ్ళని అతని దగ్గర వదిలి..."

"నాకు తెల్దేటి? ఆడంటే ఏటో నాకన్నా ఎవులికి తెలుసు?" ఆమె గొంతు పైకి లేవలేదు. అలా లేచినా నాకు తేలికగా ఉండేది. "నన్నొక్క మాట అడగొచ్చు కదా. నా కాడికొచ్చి, ఏటి సేద్దామమ్మా అని అడిగితే, నేనే ఎల్లి ఆ పిల్లల్ని నా ఒళ్ళో కూకోబెట్టుకుందును. జడ్జీగారు కూడా నా గుంట పేరు రాయనేదు. అంత పెద్ద కోర్టులో ఒక్కలూ పలకనేదు. ఇప్పుడు కూరలమ్మేదానికి కూడా తెలిసిపోనాది. నన్ను సూసి రేటు తగ్గించినాది మేడమ్‌గారూ. జాలిపడి."

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. వెనక్కి తీసుకుంది.

"మీమీద కోపం నేదండి. అప్పుడు మీరు పక్కన కూకోకపోతే నా పిల్ల నోరిప్పును కాదు. అదీ నిజమే, ఇదీ నిజమే. ఇంక మా ఇంటికి రాకండి."

వెళ్ళిపోయింది. ఆమె అడిగినట్టు ఆమెనే ముందు అడగాలన్న ఆలోచన ఆ పదకొండు రోజుల్లో నాకు ఒక్కసారి కూడా రాలేదు. పోలీసుని అడిగాను, మొగుణ్ణి అడిగాను. ఆమె పేరే తలుచుకోలేదు. ఆమెని కాపాడుతున్నాను అనుకున్నాను గానీ, ఆమె చేత సలహా చెప్పించుకోవచ్చని అనుకోలేదు. నేను చదువుకున్నదాన్ని, ఆమె వంటమనిషి. అదే కారణమని రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అదే కారణం.

ఇన్‌స్పెక్టరమ్మ ఫోన్ చేసింది. ఈసారి ఆంటీ అనలేదు.

"అతను ఎక్కడికి వెళ్ళాడో మీకేమైనా తెలుసా?"

తెలియదన్నాను.

"మాకూ తెలియదు. గమ్హరియాలో పనికి కూడా వెళ్ళడం లేదు. ఫోన్ ఆగిపోయింది. మొన్నటిదాకా ఏ గదిలో పడుకుంటాడో మాకు తెలుసు. ఇప్పుడు ఏ ఊళ్ళో, ఏ పిల్లలున్న ఇంట్లో ఉన్నాడో ఎవరికీ తెలియదు." మళ్ళీ తనే అంది, "నావాణ్ణి నేను ముందే పంపాల్సింది. తప్పు నాది కూడా."

నా విద్యార్థిని స్వీట్ల పెట్టెతో వచ్చింది, ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకుని. నా కాళ్ళకి దండం పెట్టింది. "మీరు నా పిల్లల్ని నాకు ఇచ్చినారు టీచర్‌గారూ," అని ఏడ్చింది. ఆమె పిల్లలకి అతని వల్ల ఏ హానీ జరగలేదు. తీసుకెళ్ళి డాక్టరమ్మకి చూపించి, నెమ్మదిగా అడిగించి, తెలుసుకుందట. ఆమె భర్త చేసినదానికి నేను ఆమెని ఏమీ అనలేకపోయాను. నా ఒళ్ళో కూర్చున్న చిన్నదాని తల నిమురుతూ, ఇంకొక పిల్ల గురించే ఆలోచిస్తున్నాను. ఆ స్వీట్లు మేం తినలేదు, పక్కింటివాళ్ళకి ఇచ్చేశాను.

నెల తిరక్కుండానే తల్లీకూతుళ్ళు ఊరు విడిచి వెళ్ళడానికి సిద్ధమయ్యారు. బరంపురంలో తల్లికి అక్క ఉంది. బడి మధ్యలో ఆపేయడం వల్ల పాపకి ఒక ఏడాది పోతుంది. ఆ మాట నాకు వీధివాళ్ళు చెప్పారు. వాళ్ళు ఎంతో జాలిగా చెప్పారు. అందరూ జాలిపడ్డారు. ఆ అమ్మాయిని ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు, నిజానికి. చూపులు మార్చారు, అంతే. ఆమె నడిచి వస్తుంటే మాటలు ఆపేవారు. ఆమెని ఇంజన్ల పిచ్చిదని పిలిచేవారు కూడా అలా పిలవడం మానేశారు.

వెళ్ళడానికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం పూట, పాప ఒక్కతే వచ్చింది. మా ఆయన పుస్తకం తిరిగి ఇచ్చేయడానికి. దానికి కొత్త అట్ట వేసి తెచ్చింది. ఆయన, "నువ్వే ఉంచుకో అమ్మా, నాకేటి పని దానితో?" అన్నారు. "వద్దు తాతగారూ" అని బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళు తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయారు.

నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. క్షమించమని అడగాలని రోజుల తరబడి మాటలు కూర్చుకున్నాను. అవి మొదలుపెట్టేలోపే ఆమే మాట్లాడింది. అయిదారేళ్ళుగా నాతో హిందీలోనే మాట్లాడిన పిల్ల, ఆ రోజు తెలుగులో అడిగింది.

"టీచరమ్మా, ఆ చిన్నపిల్లలకేటీ అవ్వనేదు కదా?"

"అవ్వలేదమ్మా," అన్నాను.

"నిజంగానా? బాగా అడిగినారా? అడిగితే వెంటనే సెప్పరు."

"డాక్టరమ్మ అడిగిందట. రెండుసార్లు."

"అయితే సరే," అంది. బల్ల మీద పుస్తకం అంచుని సర్దింది. "పెద్దదానికి ఆరేళ్ళట కదా. దానికి ఆడు ఇంక గుర్తుండడులెండి." చెప్పులేసుకుంటూ, "నేనొచ్చానని అమ్మకి సెప్పకండి," అంది. ఆ మాట నన్ను ఎలా తాకుతుందో ఆమెకి తెలియదు. మామూలుగానే అంది. నేను తలూపాను. గేటు దాకా వెళ్ళి, తిరిగి చూడకుండా మలుపు తిరిగింది.

నేను ఇప్పటికీ ఆ ఫోన్ కాల్ గురించి ఆలోచిస్తూ ఉంటాను. ఆ పొద్దున్న మళ్ళీ వచ్చి, నా విద్యార్థిని మళ్ళీ పిల్లల్ని అతనికి వదిలి పెళ్ళికి వెళ్తానంటే, వద్దనే అంటాను. అందులో నాకు అనుమానం లేదు. ఆ తర్వాతి మాటే వేరేగా ఉండాల్సింది. జాబితా పోలీసుల దగ్గరే ఉండాలా, అందరికీ చూపించాలా అని ఈమధ్య మా వీధిలో కుర్రవాళ్ళు వాదించుకుంటుంటే విన్నాను. ఏదో పేపర్లో వచ్చిందట. చూపించాలి అని ఒకడు గట్టిగా అన్నాడు. నన్ను కూడా అడిగాడు, చదువుకున్నదాన్ని కదా అని. నాకు తెలియదు బాబూ అని లోపలికి వచ్చేశాను. నిజంగానే తెలియదు. ఆ ఇద్దరు చిన్నపిల్లల తల్లికి తెలిసి ఉండాల్సిందని నాకు తెలుసు. ఈ ఒక్క పిల్ల సంగతి ఎవరికీ తెలియకుండా ఉండాల్సిందనీ తెలుసు. రెండూ ఒక్కసారే ఎలా జరుగుతాయో నాకు తోచదు.

లాయరమ్మ మరో రెండు కేసులకి పిలిచింది. నా గురించి జరిగినది చెప్పి, వేరేవాళ్ళని చూసుకోమన్నాను. ఆమె, ఆ వైపు తెలుగు వచ్చిన వాళ్ళు దొరకడం కష్టం ఆంటీ అంది. ఒక కేసుకి మాత్రం వెళ్ళక తప్పలేదు. అది అయ్యాక మళ్ళీ వెళ్ళలేదు.

రెండున్నరేళ్ళు దాటాక, ఎండాకాలంలో, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. పాప తల్లి.

"మేడమ్‌గారూ, గుంట పది పాసయ్యింది. లెక్కల్లో బాగా వచ్చినాయి. ఐటీఐలో సేరతాదట, రైలింజను నడపడానికి అదే దారట. మీ ఆయనగారికి సెప్పండి, సంతోషిత్తారు."

ఎలా ఉన్నారు, పాప ఎలా ఉంది అని ఏదో అడగబోయాను.

"బాగున్నాం. ఇక్కడెవులికీ తెల్దు," అంది. "సెప్పాలనిపించినాది, సెప్పినాను. ఈ నంబరుకి మల్లీ సెయ్యకండి."

ఫోన్ పెట్టేసింది. మా ఆయన పెరట్లో ఉన్నారు. వెళ్ళి చెప్పాను.